అద్దం అవతలి చలిమంట

డిసెంబరు వచ్చిందని మా మియాపూర్ అపార్ట్‌మెంట్లో నాకు ముందుగా చెప్పేది ముక్కు. పొద్దున్నే లిఫ్టులోకి అడుగు పెడితే చాలు, ఏదో అంతస్తులో ఉడుకుతున్న ఉలవల వాసన, దాని వెనకే వేగిన వెల్లుల్లి, మిరియాల ఘాటు. పక్కనున్నవాళ్ళు "అబ్బ, ఎవరింట్లోనో!" అంటూ గుటక వేస్తారు. నాకు మాత్రం ఆకలి కంటే ముందు అసూయ పుడుతుంది. ఆ వాసన నా లెక్కలో ఒక మనిషిది. ఆమె పేరు యశోద. హైటెక్ సిటీలో నేను పనిచేసే కంపెనీలో అడ్మిన్ విభాగానికి పెద్దగా ఉండి, రెండేళ్ళ క్రితం రిటైరయింది. నా జన్మలో ఎవరి మీదైనా మనసారా అసూయపడ్డానంటే ఆమె మీదే. నాకు అబ్బిన కాస్త లోకజ్ఞానమూ ఆమె వల్లనే.

మాది గోదావరి ఒడ్డున ఒకప్పుడు పేరున్న ఇల్లు. ఇప్పుడు అందులో ఎరువుల బస్తాలు నిలవ చేస్తున్నారు. మా తాతగారి రోజుల్లో ఆ వాకిట్లో గుర్రబ్బళ్ళు కట్టి ఉండేవట. నేను ఆఫీసు ఉద్యోగులను ఇళ్ళకు చేర్చే క్యాబులు పురమాయిస్తాను. బళ్ళు పురమాయించడం మా వంశంలోనే ఉందని సరిపెట్టుకుంటాను. డ్రైవర్లు వెనకాల నన్ను "జమీందారు సార్" అంటారు. వెటకారమని తెలుసు. అయినా నేను వద్దనలేదు, అబద్ధం కాదు కదా. యశోద మేడమ్ ఆసిఫాబాద్ వైపు మనిషి, ఎర్రబస్సు నడిపిన డ్రైవరు కూతురు. అలాంటి మనిషి ముందు నిలబడి సెలవు అడగవలసి వచ్చినప్పుడు మా తాతగారి పటం గోడ మీద ముఖం తిప్పుకున్నట్టు అనిపించేది.

ఆమె మాత్రం సెలవు ఎవరినీ అడిగినట్టు ఉండేది కాదు, తీసుకునేది. చలికాలం రాగానే భుజానికి ఒక సంచి తగిలించుకుని మాయమయ్యేది. ఒక ఏడు లంబసింగి, ఒక ఏడు అరకు, మరో ఏడు ఎక్కడో హిమాలయాల అడుగున పేరు తెలియని ఊరు. తిరిగి వచ్చేసరికి పెదవులు పగిలి, బుగ్గలు కమిలి ఉండేవి. క్యాంటీన్లో టీ తాగుతూ "అబ్బ, మండుతున్నయి" అని నవ్వేది. నమ్ముతారో లేదో, ఆమె జీతం చూసీ, ఆమె గది చూసీ నాకు కలగని అసూయ ఆ పగిలిన పెదవులను చూసి కలిగేది. నా పెదవులు ఏ చలికీ పగలలేదు. ఏసీ గాలికి ఎండేవంతే.

ఆమె పెట్టిన ఆచారం ఒకటుంది. డిసెంబరులో బాగా చలి పట్టిన రోజు చూసి, నిజాంపేటలోని తన ఇంటి నుంచి పెద్ద డేక్షాలో ఉలవల సూపు కాచి తెచ్చేది. సెల్లారులో, డ్రైవర్లు కూర్చునే గదిలో, షిఫ్టు మారే పొద్దుటి పూట అందరూ చేరేవారు. డ్రైవర్లు, సెక్యూరిటీ వాళ్ళు, ఊడ్చే ఆడవాళ్ళు, మా అడ్మిన్ వాళ్ళం. సూపు ఊరికే ఇవ్వదు. తాగేవాళ్ళు తాము చలిలో చేసిన ఒక ప్రయాణం చెప్పాలి. మంకీక్యాపులు పెట్టుకుని వరసగా చెప్పేవారు. పెళ్ళికి లారీ మీద పోయిన చలి, మేడారం దారిలో ఎడ్లబండి మీద వణికిన చలి, కాన్పుకోసం భార్యను ఆటోలో దవాఖానకు తీసుకుపోయిన చలి.

మొదటిసారి ఆ సూపు నోట్లో పెట్టుకోగానే నాకు ఒళ్ళు మండింది. రుచి బాగాలేక కాదు, బాగుండి. ఉలవచారంటే మా ఇంటిది. కట్టెల పొయ్యి మీద పొద్దంతా మరిగి చిక్కబడితే, పైన మీగడ వేసుకుని పంక్తిలో కూర్చుని తినేవారు. ఈవిడ దాన్ని పలచగా చేసి, నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లి, కాగితం కప్పుల్లో పోస్తోంది.

"ఉలవచారు ఇలా చేయరండీ మేడమ్" అన్నాను.

"నేనెప్పుడన్న సార్ ఉలవచారని? ఇది సూపు. సలికి నిలబడి తాగేది."

అందరూ నవ్వారు. నేను రెండో కప్పు తీసుకున్నాను.

నా వంతు వచ్చినప్పుడు మా తాతగారి కాశ్మీరు యాత్ర చెప్పాను. అది మా ఇంట్లో తరతరాల సొత్తు. వంటవాడు, చాకలి, మంగలి, నీళ్ళు కాచే ఇత్తడి బాయిలరు, ఇవన్నీ రైలెక్కించుకుని ఆయన మంచు చూడటానికి వెళ్ళారు. పడవ ఇంట్లో దిగారు. అక్కడివాళ్ళు అంగీ లోపల నిప్పుల కుంపటి పెట్టుకుని తిరుగుతుంటే చూసి, తానూ ఒకటి తెప్పించుకున్నారు. నేను గొంతు తగ్గించి, పెంచి చెబుతుంటే గదంతా చెవులొగ్గి వింది. ఆ రోజు గెలిచానని అనుకున్నాను. కానీ తర్వాత మేడమ్ వంతు వచ్చింది.

ఆమె చెప్పింది చాలా చిన్నది. చిన్నప్పుడు చలికాలం బడి సెలవుల్లో వాళ్ళ నాన్న ఆమెను తన బస్సులో తీసుకుపోయేవాడట. డ్రైవరు పక్కన ఇంజను మీద బానెట్ ఉంటుంది కదా, దాని మీద గొంగడి పరిచి కూర్చోబెట్టేవాడు. కింద ఇంజను వెచ్చగా గుర్రుమంటుంటే ముందు అద్దం నిండా మంచు. అద్దం మసకబారకుండా నాన్న ఉల్లిగడ్డ కోసి రుద్దేవాడు. కెరమెరి కొండల ఘాటు రోడ్డు ఎక్కుతుంటే, "బిడ్డా, దారి కనవడుతుందా?" అని ఆమెనే అడిగేవాడట. "నాకేం కనవడేది కాదు. అయినా కనవడుతుంది నాయినా అనేదాన్ని. నేను చెప్తెనే బస్సు పోతుందనుకునేదాన్ని" అంది. గదిలో నవ్వులు, వాటి మధ్య ముక్కు ఎగబీల్చిన చప్పుళ్ళు. మా తాతగారి కాశ్మీరు అంతా కలిపి ఆ ఉల్లిపాయ ముక్కకు సరిపోలేదు.

మరుసటి ఏడు మళ్ళీ కాశ్మీరే చెప్పాను, మరికొంత మెరుగు పెట్టి. మధ్యలో యాదగిరి అనే డ్రైవరు, పాపం ఆసక్తి కొద్దీ, అడిగాడు.

"సార్, మంచు చేతుల పట్టుకుంటే సల్లగుండదంట, మండుతదంట. నిజమేనా?"

"మా తాతగారు అలాగే అనేవారట" అన్నాను.

"అట అంటే? మీరు పోలేదా సార్?"

నేను జవాబు చెప్పేలోగా మేడమ్ గరిటె డేక్షాలో పెట్టి నా వైపు చూసింది. వెక్కిరింపు లేదు ఆ చూపులో. అదే నాకు ఎక్కువ బాధ.

"అది మీ తాత సలి గద సార్. మరి మీ సలి ఏది?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కప్పు నింపి నా ముందు పెట్టింది. "తాగుండ్రి. సల్లారుతుంది" అంది. "మాకు ఊరికే తాగే అలవాటు లేదండీ" అని కప్పు బల్ల మీద పెట్టేశాను. యాదగిరి దాన్ని రెండు గుటకల్లో ఖాళీ చేశాడు. ఆ రోజంతా యాదగిరి మీద కూడా అసూయపడ్డాను.

యాభయ్యేళ్ళ మనిషికి చెప్పుకోవడానికి సొంత చలి ఒకటి లేదు. ఆ సంగతి ఇంతకుముందు నాకు తట్టలేదు. తట్టాక నిద్ర పట్టలేదు. ఇక నాకు ఒకటే పంతం. వచ్చే ఏడు ఆ గదిలో నా చలి నేను చెప్పాలి, అదీ ఆమె దారిలోనే సంపాదించాలి. ఆ ఘాటు అంత గొప్పది కాదని నా కళ్ళతో చూసి వచ్చి తేల్చెయ్యాలి. అంతే, తర్వాతి చలికాలం మొదట్లో ఎవరికీ చెప్పకుండా ఆసిఫాబాద్ వెళ్ళాను. తెల్లవారుజామున బస్టాండులో ఆగి ఉన్న ఎర్రబస్సు దగ్గర కండక్టరమ్మతో, "ముందు సీటు మాకు ఉంచండి" అన్నాను.

"ఎంతమంది?"

"నేనొక్కణ్ణే."

"మరి మాకు అంటిరి? ఎక్కుండ్రి, ఏడ దొరికితే ఆడ కూసోండ్రి."

కెరమెరి చేరేసరికి మంచు ఎంత దట్టంగా దిగిందంటే, కాస్త వెలుగొచ్చేదాకా ఘాటు ఎక్కనని డ్రైవరు ఇంజను ఆపేశాడు. అందరూ దిగారు. రోడ్డు పక్కన కందికట్టె, ఎండిన టేకాకులు పోగేసి ఎవరో మంట వేశారు. జనం చుట్టూ చేరి గొంతుక్కూర్చున్నారు. నేను నిలబడ్డాను. పిలవని చోట కూర్చోకూడదు, కూర్చుంటే పీట వేయించుకునే కూర్చోవాలి. మా ఇంట్లో మగపిల్లలకు మాటలతో పాటు నేర్పిన మర్యాద ఇది. కెరమెరి రోడ్డు మీద నాకు పీట వేసేవాళ్ళెవరు? చలి చెవుల్లోంచి దూరి పళ్ళలోకి దిగింది. చేతివేళ్ళు నావి కాకుండా పోయాయి. అయినా నిలబడే ఉన్నాను.

మంట అవతల ఒక ముసలమ్మ చుట్ట తీసి నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది బిడ్డా, కూసుండేటందుకు ముహూర్తం జూస్తున్నవా?"

జనం గొల్లుమన్నారు. "జర జరుగుర్రి" అంటూ ఆమె తన పక్కన జానెడు చోటు చేసింది. "గిట్లనే నిలబడితే కట్టె అయితడు ఈన."

నేను కూర్చున్నాను. ఒక పక్క ఆమె మోకాలు, మరో పక్క ఎవరిదో మేకపిల్ల. ముఖం కాలుతోంది, వీపు గడ్డ కడుతోంది. "వీపు గూడ జూపియ్యి బిడ్డా, జొన్నరొట్టె తీరుగ తిప్పుకోవాలె" అంది ముసలమ్మ. తిప్పుకున్నాను. ఎవరూ నా ఊరు అడగలేదు, మా తాతగారి పేరు చెప్పే అవకాశమూ రాలేదు. తెల్లారాక బస్సు ఘాటెక్కింది. కిటికీ అవతల ఏమీ కనబడలేదు, అంతా తెలుపే. ఇంటికొచ్చాక అద్దంలో చూసుకుంటే పెదవులు పగిలి ఉన్నాయి. వెన్న రాయలేదు. రెండు మూడు రోజులు అలాగే ఆఫీసుకు వెళ్ళాను.

ఆ డిసెంబరు ఆమెకు ఆఫీసులో ఆఖరిది. నా వంతు రాగానే ముసలమ్మతో సహా అంతా చెప్పాను. జొన్నరొట్టె దగ్గర యాదగిరి నవ్వు ఆపుకోలేక బల్ల మీద కొట్టాడు. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"మంట యాడ ఏసిండ్రు సార్? ఘాటుకు ముందే, రోడ్డుకు ఎడమ పక్కనా?"

"అవునండీ."

"ఇంకా గాడనే ఏస్తున్నరన్న మాట" అంది. గరిటె చేతిలో అలాగే ఉంది. "నేను గా మంట కాడ ఎన్నడు కూసోలే. నాయిన దిగనిచ్చేటోడు కాదు. ఇంజను మీద ఎచ్చగుంటది, గాడనే ఉండు అనేటోడు. అద్దంలకెళ్ళి చూసేదాన్ని. వాళ్ళంతా కూసోని నవ్వుకుంటుంటే నాకెంత కుళ్ళు పుట్టేదో."

"తర్వాత ఎన్నో ఊళ్ళు తిరిగారు కదా మేడమ్, అక్కడికి వెళ్ళలేదా?"

"పోలే సార్. నాయిన బస్సు లేనిది, గాడ దిగి ఏం చెయ్యాలె?"

ఆ క్షణంలో ఆమె ముఖంలో నేను బాగా ఎరిగిన రంగు ఒకటి కనిపించింది. ఇన్నేళ్ళూ అద్దంలో నా ముఖం మీద చూసుకున్నదే. మా తాతగారిని కాదు, మా ఇంటిని కాదు, నన్ను చూసి ఒక మనిషి అసూయపడటం నాకు అదే మొదలు. ఆమె పోసిన సూపు నిలబడే తాగాను. అంత రుచి మళ్ళీ ఎరగను.

అయితే గెలుపు ఎంతోసేపు నిలవలేదు. ఈనాటికీ మా సెల్లారులో ఆ పొద్దుటి మాట వస్తే ఎవరూ నా ముసలమ్మను తలవరు. "మేడమ్ అద్దంలకెళ్ళి చూసిన మంట" అనే చెప్పుకుంటారు. నా కథను కూడా ఆవిడే పట్టుకుపోయింది. ఇప్పుడు ప్రతి చలికాలం నేనూ సంచి తగిలించుకుని ఎక్కడికో ఒకచోటికి పోతున్నాను. ఎవరి మీదైనా అసూయ పుడితే దాన్ని దాచుకోవడం మానేసి, బస్సు ఎప్పుడుందో కనుక్కుంటాను. ఆవిడ నాకు నేర్పింది అదే. ఆవిడ కావాలని నేర్పలేదు, నాకు నేర్చుకోక తప్పలేదు.

మా నాన్నగారు నన్ను ఎక్కడికీ తీసుకుపోలేదు. చలికాలం సాయంత్రాలు పడక్కుర్చీలో పడుకుని తన తండ్రి ప్రయాణం చెప్పేవారు, అంతే. "బాబూ, దారి కనబడుతోందా?" అని నన్నెవరూ అడగలేదు. ఆ మంట దగ్గర నాకు దొరికిన చోటు మంచిదే, కాదనను. అయినా ఇప్పుడు ఎవరైనా వచ్చి మార్చుకుంటావా అంటే, దాన్ని అక్కడే వదిలేసి, గొంగడి పరిచిన ఆ బానెట్ మీదికి ఎక్కి కూర్చుంటాను.