శత్రువు తరఫు పాచిక

దువ్వాడ స్టేషన్ బెంచీ మీద రూల్ బుక్కు తెరిచి, ఇరవై ముఖాల పాచికతో మంత్రాల, కత్తియుద్ధాల ఆట ఆడుకుంటున్నాను. నలుగురు కూర్చుని ఊహించుకుంటూ ఆడే ఆట అది. మిగతా ముగ్గురూ మానేసి ఏడాదైంది. వాళ్ల వీరులనూ, ఎదుటి శత్రువునూ కూడా నేనే ఆడుతున్నాను.

జాలరిపేట చేపలమ్మ ఒకామె ఖాళీ తట్ట దించి పక్కన కూర్చుంది. "ఏటి బాబూ అది?"

చెప్పాను. శత్రువుకి వీపు చూపించి పారిపోతే వాడికి ఒక వేటు ఊరికే దొరుకుతుంది. నా సైనికుడు గాయపడిన స్నేహితుణ్ణి భుజాన వేసుకుని తప్పుకుంటున్నాడు. అదీ పారిపోవడమేనా? పుస్తకంలో లేదు. ఇదివరకైతే దీని మీదే గంటసేపు కొట్టుకునేవాళ్లం.

"మోసుకెల్తే మాత్రం? ఈపు ఈపే కదా," అంది. "మరి ఆ సెత్రువు తరపున పాచిక ఎవులేత్తారు?"

"నేనే."

నా వైపు చెయ్యి చాపింది. "ఇలగియ్యి, నానేత్తాను."

బోణీ డబ్బుల్లా పాచికను కళ్లకద్దుకుని బెంచీ మీద విసిరింది. ఇరవై పడింది. శత్రువు వేటుకి అంతకన్నా పెద్ద దెబ్బ లేదు; ఆ అంకెకి సైనికుడు బతకడు.

"పెద్దదే ఒచ్చినాది. మంచిదేనా బాబూ?"

"మంచిదేనమ్మా."

ఆమె నవ్వుకుంటూ తట్ట ఎత్తుకుని, వచ్చిన పాసింజరెక్కి వెళ్లిపోయింది.

ఒక్కణ్ణే ఆడేటప్పుడు నచ్చని అంకె పడితే మళ్లీ వేసుకోవడం నాకలవాటు. ఆ ఇరవైని మాత్రం ఇప్పటికీ మార్చలేదు.