నాన్న తుపాకీ ఆపడానికి ఎంబసీ దాకా

నాన్న పోయాక ఆయన లైసెన్సు తుపాకీ మా ఊరి పోలీస్ స్టేషన్లో జమై ఉంది. దాన్ని తన పేరు మీదికి మార్చుకోవడానికి నాకు అభ్యంతరం లేదని రాసిమ్మన్నాడు తమ్ముడు శ్రీను. పక్క చేను మల్లేశంతో వాడికి బోరు నీళ్ల తగాదా. కాల్చేస్తానని రెండుసార్లు నలుగురిలో అరిచాడు. అందుకే అభ్యంతరం ఉందనే రాస్తానన్నాను. "ఆయుధాల చట్టం ఢిల్లీది అక్కా, దుబాయిల కూసొని నువ్వేం ఆపుతవ్?" అని నవ్వాడు. వాడికి గల్ఫ్ అంతా దుబాయే, నేనుండేది మాత్రం బహ్రెయిన్. ఢిల్లీదైతే మరీ మంచిది, ఢిల్లీ వాళ్ల ఎంబసీ బహ్రెయిన్‌లోనే ఉంది కదా అనుకున్నాను.

ఇక్కడ పనిరోజైన ఆదివారం మా ఆయన మీనా సల్మాన్ రేవులోని గోదాముకు డ్యూటీకి వెళ్లగానే, ఏడు గంటలకు మేముండే జుఫైర్‌లో ఎంబసీకని బస్సెక్కి మనామాలో మారాను. టికెట్టు ఒక్కోసారికి మూడు వందల ఫిల్సులు, వెయ్యయితే ఒక దినారు. రెండో బస్సు కోసం ఎండలో చాలాసేపు నిలబడాలి, గొడుగు ఉండాల్సిందే.

కౌంటరులోని అధికారి నా అర్జీ చదివి హిందీలో ఓపిగ్గా చెప్పాడు. "చట్టం కేంద్రానిదే అమ్మా. కానీ ఈ లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది మీ జిల్లా కలెక్టరు చూస్తారు. ఇక్కడ మేం మీ సంతకాన్ని ధ్రువీకరించగలం, అంతే." నీరసం వచ్చింది. కలెక్టరాఫీసు చుట్టూ శ్రీను రోజూ తిరుగుతూనే ఉన్నాడు. అయినా వెనక్కి పోదలచుకోలేదు. కలెక్టరు పేరున మళ్లీ రాయించడానికి దగ్గర్లోని టైపింగ్ సెంటరుకు నడిచాను.

అక్కడ టైపు చేసే రాజన్నది కోరుట్ల. సగంలో చేతులు ఆపాడు. "అక్కా, తమ్మునితోని మాటలు బందయితయి. ఆలోచించినవా?"

"వాడు జైల్ల కూసుంటే రాఖీ ఏడ కట్టాలె రాజన్నా? కొట్టు."

"యల్లా అయితే, కానిద్దాం," అని నవ్వి పూర్తి చేశాడు.

మళ్లీ కౌంటరు ముందు కలం పట్టుకోగానే శ్రీను ఫోన్. పక్కకు జరిగి ఎత్తాను.

"అక్కా, అడివి పందులు మక్కచేను ఖరాబు జేస్తున్నయే."

"పందులకైతే పటాకులు కాల్చు తమ్మీ. నువ్వు అడిగేది మల్లేశం కోసమని నాకెరుకే."

"ఖలాస్. ఇగ నాకు ఫోన్ చెయ్యకు," అని పెట్టేశాడు. నేను కౌంటరుకు వెళ్లి సంతకం చేశాను. ముద్ర పడిన ఆ కాగితం అదే మధ్యాహ్నం కొరియరులో మా కలెక్టరాఫీసుకు బయలుదేరింది.

చట్టం ఎక్కడ పుట్టినా, ఎవరి చేతికి తుపాకీ ఇస్తున్నారో తెలిసినవాళ్లు నోరు విప్పాలి. తమ్ముడి కోపం నాకు తెలిసినంతగా కలెక్టరుకు తెలియదు, ఢిల్లీకి అసలే తెలియదు. వాడు ఇంకా మాట్లాడటం లేదు. తుపాకీ ఇంకా స్టేషన్లోనే ఉంది. ప్రస్తుతానికి నాకది చాలు.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒక మాట: అర్జీ ఎవరి పేరున ఉండాలో ముందే కనుక్కోండి, సంతకం మాత్రం అధికారి ఎదుటే చేయండి. చేసేటప్పుడు ఫోన్ ఆపి పెట్టుకోండి.