పొగమంచులో స్టాక్టన్‌కి: చంకౌర్ యుద్ధాన్ని తలుచుకునే గురుద్వారా

లైసెన్స్ వచ్చి పన్నెండేళ్లయినా నేను ఫ్రీవే ఎక్కను. కాలిఫోర్నియాలోని మా డబ్లిన్‌లో సరుకులు, పిల్లల బడి అన్నీ ఊళ్లో రోడ్ల మీదే అయిపోతాయి. లివర్‌మోర్ గుడికి కూడా స్టాన్లీ బులవార్డ్ మీదుగానే వెళ్తాను. అలాంటి నేను స్టాక్టన్ వెళ్లానంటే కారణం మా పక్కింటి జస్‌బీర్ ఆంటీ. ఆవిడ పుట్టింది పంజాబ్‌లో, చంకౌర్ దగ్గరి పల్లెలో. మూడు వందల ఏళ్ల కిందట అక్కడి మట్టికోటలో సిక్కుల పదో గురువు, ఆయన వెంట నలభై మంది, పెద్ద మొగలు సేనకు ఎదురు నిలిచారు. గురువుగారి పెద్ద కొడుకులిద్దరూ ఆ పోరులోనే నేలకొరిగారు. ఆ చోట ఇప్పుడొక గురుద్వారా ఉంది. చిన్నప్పుడు ఆంటీ ఏటా డిసెంబర్‌లో అక్కడ రొట్టెలు ఒత్తేదట. అమెరికా వచ్చాక అదే వారంలో స్టాక్టన్ గురుద్వారాకి వెళ్లి రొట్టెలు ఒత్తి, మధ్యాహ్నం ప్రార్థనలో కూర్చుంటుంది. ఒక్క ఏడాదీ మానలేదు. ఈసారి మోకాలికి ఆపరేషన్ అయింది. తీసుకెళ్లాల్సిన కొడుకు ఆఫీస్ పని మీద ఆస్టిన్‌లో ఉండిపోయాడు. ఆవిడ ముఖం చూడలేక, "నేను తీసుకెళ్తాను ఆంటీ" అనేశాను.

మావారు కాఫీ కప్పు కింద పెట్టారు. "నువ్వా? ఫ్రీవే మీదా?"

"ఫ్రీవే ఎందుకు? కొండల మీదుగా పాత ఆల్టమాంట్ పాస్ రోడ్ ఉందిగా. గంట ప్రయాణం రెండు గంటలవుతుంది, అంతే కదా!"

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరాం. ముందు సీటు వెనక్కి జరిపి, ఆంటీ మోకాలి కింద దిండు పెట్టాను. వెనక సీట్లో పులిహోర, పెరుగన్నం, నీళ్ల సీసాలు. ఆంటీ వెనక్కి తిరిగి చూసి, "లంగర్‌కి వెళ్తూ టిఫిన్ బాక్సా? సముద్రానికి వెళ్తూ ఎవరైనా బిందెడు నీళ్లు మోసుకెళ్తారా, బేటా?" అంది. లంగర్ అంటే గురుద్వారాలో వచ్చినవాళ్లందరికీ పెట్టే ఉచిత భోజనం.

గ్రీన్‌విల్ రోడ్ దగ్గర నా ప్లాన్ కాస్తా తలకిందులైంది. పాత రోడ్డుకి అడ్డంగా నారింజ రంగు కోన్లు పెట్టారు. "రోడ్ క్లోజ్డ్, మేడమ్. 580 ఫ్రీవే ఎక్కండి," అన్నాడు అక్కడున్న పనివాడు. కారు పక్కకి ఆపాను. ఎదురుగా ఫ్రీవే ఎక్కించే ర్యాంప్ ఉంది. ఫ్రీవే మీద మేడంత ట్రక్కులు వరసగా కొండ ఎక్కుతున్నాయి.

"పోనీ ఇంటికి వెళ్దాంలే," అంది ఆంటీ. అంటూనే ఒళ్లోని చున్నీని మడతపెట్టి విప్పుతోంది, మళ్లీ మడతపెడుతోంది.

"ట్రక్కులు చూశారా ఆంటీ? కొండ అవతల పొగమంచు కూడా ఉందట."

"చూశాను. చంకౌర్‌లో నలభై మంది అంత సైన్యానికి ఎదురు నిలిచారు. నీ ముందుండేది ఎప్పుడూ ఒక్క ట్రక్కే. అదీ మనం వెళ్లే వైపే వెళ్తోంది!"

నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ర్యాంప్ ఎక్కేశాను. కొండ మీది గాలిమరలు దాటాక మంచు కమ్మేసింది. లో బీమ్ లైట్లు వేసి, కుడి లేన్ వదలకుండా 205, అక్కడి నుంచి ఉత్తరానికి 5 పట్టుకున్నాను. దారంతా ఆంటీ ఒక చేత్తో డోర్ హ్యాండిల్ పట్టుకుని ప్రార్థన గొణుగుతూనే ఉంది. పది దాటేసరికి గురుద్వారా ముందున్నాం.

అమెరికాలో మొట్టమొదటిదిగా చెప్పుకునే గురుద్వారా ఇది. వయసు వందేళ్లు దాటింది. ఈ చుట్టుపక్కల పొలాల్లో కూలి చేసిన తొలితరం వాళ్లు కట్టుకున్నది. చెప్పులు విడిచి, తలకి చున్నీ కప్పుకుని లోపలికి వెళ్లాం. వంటింట్లో ఆంటీ స్నేహితురాలు గుర్మీత్, "వచ్చావా ముసలీ! నీ వంతు పిండి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు," అంటూ కుర్చీ లాగింది. నన్నూ కూర్చోబెట్టారు. నేను ఒత్తినవి చూసి గుర్మీత్, "ఇవి రొట్టెలా, పూరీలా? మీ ఊళ్లో నోళ్లు ఇంత చిన్నవా?" అంది. వంటిల్లంతా నవ్వింది. నాలుగోదానికి నా రొట్టె కూడా పొంగింది.

పన్నెండుకి హాల్లో చంకౌర్ కథ పాడారు. వంటింటి హిందీ అర్థమైంది కానీ, నాకు పంజాబీ రాదు. కొడుకుల పేర్లు వచ్చినచోట ఆంటీ నా చెయ్యి పట్టుకుంది కనుక, కథ ఎక్కడికొచ్చిందో తెలిసింది. ప్రార్థన అయ్యాక నేల మీద బంతిలో కూర్చుని పప్పు, రొట్టె, ఖీర్ తిన్నాం. రొట్టెని రెండు చేతులూ చాచి తీసుకోవాలి. నేను ఒక చెయ్యి చాపితే, వడ్డించే పెద్దాయన నవ్వుతూ రెండోది కూడా చాపేదాకా ఆగాడు.

ఖర్చు రాస్తాను: రానుపోను పెట్రోల్‌కి దాదాపు పదహారు డాలర్లు. ఎక్స్‌ప్రెస్ లేన్ ఎక్కకపోతే టోల్ లేదు. పార్కింగ్, భోజనం ఉచితం. హుండీలో ఎంత వేస్తారో మీ ఇష్టం.

రెండున్నరకు తిరుగు ప్రయాణం. మంచు విడిపోయి ఎండ కాస్తోంది. పాత రోడ్డు తెరిచారో లేదో నేను చూడనే లేదు, నేరుగా ఫ్రీవే ఎక్కేశాను. చంకౌర్‌కి వెళ్లలేకపోతున్నానని ఆంటీ ఏనాడూ అనలేదు. ఆ నేలని ఏడాదికొకసారి పిండిముద్దలో వెతుక్కుంటుందని ఇప్పుడు అర్థమైంది. గాలిమరల దగ్గర ఒక ట్రక్కుని దాటి, "చూశారా ఆంటీ!" అన్నాను. ఆవిడ డోర్ హ్యాండిల్ వదిలేసి, నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది. నా డ్రైవింగ్‌కి అంతకంటే పెద్ద మెప్పు నాకు అక్కర్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క సలహా: డిసెంబర్‌లో అయితే పొగమంచు ఎలా ఉందో చూసుకుని బయలుదేరండి, టిఫిన్ బాక్సు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. మా పులిహోర వెళ్లినంత భద్రంగా తిరిగొచ్చింది. ఆ రాత్రి మావారు అదే తిన్నారు.