తప్పిపోయినవాళ్ళ గంట

తడిసిన నల్లరేగడి వాసన తగిలితే ఇప్పటికీ నేను ఇంట్లో కూర్చోలేను. పొయ్యి మీద ఎసరు కాగుతున్నా మంట తగ్గించి వాకిట్లోకి వస్తాను, లోపలికి వెళ్తాను, మళ్ళీ వస్తాను. "అందరూ ఇంట్లోనే ఉన్నారు గదా అత్తమ్మా, ఎవరి కోసం?" అంటుంది మా కోడలు. ఏమని చెప్పను?

మా చిన్నతనంలో పాలెం చర్చి గంట వానాకాలం చివరి నుంచి మిరపకోతలు అయ్యేదాకా రోజూ దీపాలు పెట్టే వేళకు మోగేది. అది ప్రార్థనకు కాదు, పొలాల్లో దారి తప్పినవాళ్ళకు. ఆ ఆచారం మాది కాదు, జర్మనీలో ఒక చిన్న ఊరిది. ఆ ఊరి నుంచి మా ముత్తాతల కాలంలో వచ్చిన దొర ఒకాయన, ఇక్కడ వానకు దారీ చేనూ గట్టూ ఒకే ముద్దయిపోవడం చూసి, తన ఊరి గంటలాంటిదే పోయించి ఓడలో తెప్పించాడట. దాన్ని కొట్టే పని మా తాతది.

తాత గుంటూరు దాటి ఎరగడు గాని, ఆ ఊరి సంగతులు పక్క పాలెం కబుర్లలా చెప్పేవాడు. ఊరి చుట్టూ గోడ, గోడ బయట అడవి, చలికాలమంతా మంచు. మంచంటే ఎట్టా ఉంటుందని అడిగితే జిన్నింగు మిల్లు ముందు గాలికి లేచే దూదిని చూపించేవాడు. ఆ అడవిలో ఒక దొరసాని దారి తప్పి, గంట చప్పుడు పట్టుకుని నడిచి ఊరి వాకిలి చేరిందట. చేరాక ఊరుకోలేదు, చలికాలమంతా ప్రతి సాయంత్రం గంట మోగాలని తన పొలం చర్చికి రాసిచ్చిందట. మూడుసార్లు పోస్తే మూడుసార్లూ గంట పగిలిందని తిండి మానేసిన కంచరి గురించీ, పెళ్ళాం పిల్లలతో గోపురం మీదే కాపురం పెట్టి, రొట్టెలూ పాలూ బుట్టకు తాడు కట్టి పైకి లాక్కునే గంటలవాడి గురించీ చెప్పేటప్పుడు తాత కళ్ళు మెరిసేవి. "మనకూ అట్టాంటి కొంప ఉంటేనా!" అనేవాడు. గోంగూర నూరుతూ నాయనమ్మ తలెత్తకుండానే, "ఉంటే కిందనించి బిందెలు ఎవడు మోస్తాడంట, నీ అయ్యా?" అనేది.

మా ఆట కూడా అదే. కుప్పేసిన పత్తికట్టె మధ్య ఒకరికి కళ్ళకు గంతలు కట్టి వదిలేసేవాళ్ళం, దూరంగా ఒకరు సత్తు పళ్ళెం కొడుతుంటే చప్పుడును బట్టి రావాలి. దొరసాని వేషం ఎప్పుడూ నా ఈడుదే అయిన సలోమిది. పళ్ళెం నాది, ఒకచోట నిలబడలేక మధ్యలో చోటు మార్చి దాన్ని ముప్పుతిప్పలు పెట్టేదాన్ని.

ఎనభైల్లో పత్తి మా ఊళ్ళను కమ్మేసింది. ఆ రోజుల్లో ఒక కార్తీకంలో, కాయలు పగిలి చేలన్నీ తెల్లగా ఉండగా, వాయుగుండం పట్టిందని రేడియో చెప్పింది. తడవకముందే తీయించాలని రైతు వాగు అవతలి చేలకు పాలెం ఆడవాళ్ళందరినీ పొద్దున్నే పిలుచుకుపోయాడు. మా అమ్మా, సలోమి వాళ్ళమ్మ కోటమ్మత్తా కూడా వెళ్ళారు. మధ్యాహ్నం తిరగ్గానే వాన దిగింది. సాయంత్రానికి కరెంటు పోయి, పదడుగుల అవతల ఏముందో కనపడకుండా అయింది. తాతకు చలిజ్వరం. గొంగడి కప్పుకుని చర్చి మెట్టు మీద కూర్చుని, నన్నూ సలోమినీ తాడు పట్టుకోమన్నాడు.

"పీకబాకండే. అది ఎద్దులాంటిది, దాని నడక దానికుంటది. దాంతోపాటు ఊగండి."

ఊగాం. అరచేతులు మండాయి. నడుముకు తడిసిన పత్తి ఒడులతో, మోకాళ్ళదాకా బురదతో ఒక్కొక్కరే వాన లోంచి ఊడిపడ్డట్టు వచ్చారు. వచ్చిన ప్రతి మనిషి మొహమూ చూడటం, అమ్మ కాకపోతే మళ్ళీ లాగడం. చివరికి అమ్మ వచ్చింది. తాడు వదిలేసి పరిగెత్తి ఆమె నడుము వాటేసుకున్నాను. తడి చీర, పురుగుమందు వాసన. అమ్మ నా తల మీద చెయ్యి వేయలేదు.

"కోటమ్మేదే? నాకంటే ముందే బయల్దేరిందే! గంట ఎందుకాగింది?"

వెనక్కి చూశాను. సలోమి ఒక్కతే తాడుకు వేలాడుతోంది, దాని కాళ్ళు నేలకు ఆనడం లేదు, గంట కదలడం లేదు. అమ్మ నన్ను పక్కకు నెట్టి, ఒడిలో పత్తి ఒడిలోనే ఉండగా, బురద చేతులతో ఆ తాడందుకుంది.

తాత నన్ను తిట్టలేదు. పళ్ళు కొట్టుకుంటుండగా మెల్లగా అన్నాడు. "మన మనిషి వచ్చిందని ఆపేది గాదే ఇది. ఆ దొరసాని ఇల్లు చేరాకే గదా పొలం రాసిచ్చింది. ఎవరి కోసమంటావ్?"

నేను మళ్ళీ వెళ్ళి తాడు పట్టుకున్నాను. ముగ్గురం లాగాం. ఎంతసేపో తెలియదు. కోటమ్మత్త వాగు వైపు నుంచి కాదు, దానికి ఎదురుగా శ్మశానం వైపు నుంచి వచ్చింది, పూర్తిగా దారి తప్పి.

"మధ్యలో ఆగింది గదా వదినా, ఇంక నావల్ల గాదని గట్టు మీద కూలబడ్డా. మళ్ళా మోగితే లేచా." ఆమె నడుము పట్టుకుని సలోమి వెక్కుతుంటే, "ఏందే ఏడుపు? తడిసింది రైతు పత్తి, మనది గాదులే" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎవరి లెక్కలోనూ లేనివాళ్ళు ఇంకా ఆ చేలల్లో ఉన్నారేమోనని చెవులు అటే ఉన్నాయి.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకోగానే గంట మీద చిన్నప్పుడు వేళ్ళతో తడిమిన రాతను చదవబోయాను గాని అవి మన అక్షరాలు కావు. పాస్టరుగారబ్బాయి చదివి, ఉన్నది ఊరి పేరొక్కటే అన్నాడు. ఆ ఊళ్ళో ఇంకా కొడుతున్నారా అంటే తెలియదన్నాడు.

ఇక్కడైతే కొట్టడం లేదు. కొత్త సిమెంటు గోపురం మీదికి ఎక్కించినప్పుడు గంటకు తాడు కట్టలేదు, సాయంత్రం మైకులో పాట వేస్తారు. మిరపకోతల వాళ్ళను ఆటో ఇంటి ముందే దించుతుంది. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. తాత లేడు, అమ్మ లేదు, పత్తికట్టె కుప్పల్లో ఆ ఆట ఆడే పిల్లలూ లేరు.

ఈ సాయంత్రం కూడా వాన పట్టింది. మావాళ్ళందరూ వచ్చేశారు, అన్నాలు కూడా తింటున్నారు. కోడలు తలుపు వేయబోయింది.

"ఉండమ్మా, ఇంకాసేపు తీసుండనియ్" అన్నాను.