ఖాళీ గంపతో బయల్దేరిన పోలేరమ్మ

నెత్తిన గంప లేకుండా పోలేరమ్మను పై ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. విడవలూరు అవతల సముద్రం ఒడ్డు జాలర్ల పాలెం నుంచి ఆ ఊరికి చేపలు మోసి మోసి ఆ రోడ్డును అరగదీసింది. అలాంటి మనిషికి ఆసుపత్రివాళ్లు నడవమని చెప్పాల్సి వచ్చిందంటే నవ్వు రాదూ? కానీ ఇది నవ్వే సంగతి కాదు. కొన్ని నెలలుగా ఆమెకు దొడ్డికి వెళ్తే నెత్తురు పడుతోంది.

నెల్లూరులో పేగులోకి గొట్టం పంపి చూస్తామన్నారు. ముందురోజు అన్నం మానేసి, మందు పొడి కలిపిన నీళ్లు కొంచెం కొంచెంగా తాగుతూ, పడుకోకుండా అటూ ఇటూ నడవాలి. కడుపు అలా శుభ్రపడాలి. మొదటిసారి ఈమె చేసిన నిర్వాకం ఏమిటంటే, మాటిమాటికీ లేచి వెళ్తుంటే ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని సగం మందు పారబోసి, దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. పేగు శుభ్రంగా లేదు, ఏమీ కనబడలేదని వెనక్కి పంపారు. "ఈసారి గూడా ఇట్టనే వస్తే, లోపల ఉండేది ముదిరినాకే తెలుస్తాది," అని నర్సు గట్టిగానే చెప్పింది. అప్పట్నుంచి పోలేరమ్మకు నిద్ర లేదు.

పోనీ నలుగురికీ చెప్పుకుందామా అంటే అదో భయం. పెద్ద జబ్బని పొక్కితే ఆ చేతి చేప ఎవరు కొంటారు? అందుకే ఈసారి, రెండో పరీక్షకు ముందురోజు, మందునీళ్ల సీసా గంపలో పెట్టి, పైన గుడ్డ కప్పి, నెత్తికెత్తుకుంది.

"ఇంట్లోనే నడవమన్నారు గదమా, యాడికి పోతుండావు?" అని కూతురు కామాక్షి అడ్డం పడింది.

"ఇంట్లో నాలుగడుగులేస్తే గోడ తగులుతాది. పాలెంలో తిరిగితే ఎందుకని అడుగుతారు. నా రోడ్డున నేను పోతే అడిగేదెవురు?"

మొండిఘటం, వింటుందా! రొయ్యల గుంటల దగ్గర ఆగి ఓ గుక్క, కాలవ వంతెన మీద ఓ గుక్క, మొహం చిట్లించుకుంటూ తాగింది. అంతా బాగానే ఉందనుకునేసరికి, సరిగ్గా పై ఊళ్లోకి అడుగుపెట్టగానే కడుపు మెలిపెట్టింది. పాలెం దూరం. వచ్చిన రోడ్డుకు రెండు పక్కలా మళ్లు, మళ్లల్లో కూలీలు. పాపం, ఆ ఆడమనిషికి చచ్చినంత పనైంది.

ఎదురుగా మాలకొండమ్మ ఇల్లు. పొలాలున్న కుటుంబం. ఆ ఇంటి వెనక మెట్ల మీద కూర్చునే పోలేరమ్మ ఇన్నేళ్లూ చేపలు కోసి ఇచ్చింది. మంచినీళ్లు ఇచ్చినా ఆ మెట్ల మీదే తాగింది. లోపలికి వాళ్లు రమ్మననూ లేదు, ఈమె పోనూ లేదు.

"ఏం తెచ్చినావు పోలేరమ్మా?" అంటూ మాలకొండమ్మ బయటికొచ్చింది.

"ఏం తేలేదమ్మా. ఒక్కసారి మీ బాత్రూములోకి పోనిస్తావా? కడుపు కడిగే మందు తాగుండా."

మాలకొండమ్మ ఆమె మొహంలోకి చూసింది. గంప తానే దించి, చెయ్యి పట్టుకుని, వంటింట్లోంచి తీసుకుపోయి తలుపు తీసింది.

బయటికొచ్చాక ఇక దాచేదేముంది? నెత్తురు సంగతీ, పరీక్ష సంగతీ, పోయినసారి తెలివితక్కువ పనీ అన్నీ చెప్పేసింది. "ఎవురికీ చెప్పబాకమ్మా, నా యాపారం పోతాది," అని బతిమాలింది.

"చెప్పన్లే. ఆ మిగిలింది గూడా తాగు. ఈడనే నడువు."

వీధి తలుపు నుంచి పెరటి దాకా పొడుగాటి వసారా. పోలేరమ్మ నడిచింది. పక్కనే మాలకొండమ్మా నడిచింది. మధ్యమధ్యలో పరీక్ష ఎలా చేస్తారు, డాక్టరు ఆడమనిషేనా అని అడుగుతూనే ఉంది. తోడు కోసం మాట్లాడుతోందనుకుంది పోలేరమ్మ. పొద్దు వాలేసరికి కడుపులోంచి తేట నీళ్లు వచ్చాయి. ఆమె మనసు కుదుటపడింది.

గంప ఎత్తుకోబోతుంటే మాలకొండమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"బాగా నొప్పుంటాదా?"

"మత్తిస్తారంట. ఎందుకమ్మా?"

కోడలు దగ్గర్లో లేదని చూసుకుని మాలకొండమ్మ గొంతు తగ్గించింది.

"నాకు గూడా నెత్తురు పడతా ఉండాది. వరికోతలప్పట్నించి. మొలలనుకుని ఇంట్లో ఎవురికీ చెప్పలా."

పోలేరమ్మ గంప కింద పెట్టేసింది.

"ఎవురికీ చెప్పబాక," అంది ఈసారి మాలకొండమ్మ.

"నేను చెప్పనమ్మా. రేపు నెల్లూరు పోయే ఆటోలో నీకు చోటుంటాది. వచ్చి డాక్టరమ్మకు నువ్వే చెప్పు."