సమాధుల తోట మట్టికి దాచిన బియ్యం

సంపూర్ణమ్మ ఎసరు పెట్టిందంటే, బియ్యం కడిగే ముందు ఓ గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో పోయాల్సిందే. ఇంట్లో నూకలు తప్ప గింజ లేనినాడు ఆ నూకల్లోంచే తీసేది. ఆవిడొక్కతే కాదు, భీమవరం అవతల ఆ పేటలో చర్చికెళ్లే ఆడాళ్లందరిదీ అదే అలవాటు. శనివారం శనివారం డబ్బాలన్నీ స్త్రీల సమాజం బస్తాలో పడేవి. ఆ బియ్యం అమ్మగా వచ్చిన డబ్బు బ్యాంకులో వేసే పని సంపూర్ణమ్మది. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, చేతివాటం ఎరగని మనిషని ఆ పని ఆవిడకి అప్పజెప్పారు.

ఎనిమిదేళ్లుగా కూడిన ఆ డబ్బు సమాధుల తోట మెరక చేయించడానికి. చుట్టూ వరిచేలు పోయి మూడు పక్కలా చేపల చెరువులొచ్చాయి. చెరువుల్లో నీళ్లు ఎత్తున, తోట పల్లాన. ఊట పట్టేసి సిలువలు ఒరిగిపోతున్నాయి. మట్టి తోలించి గట్టు కట్టకపోతే తోట కూడా చెరువులో కలిసిపోయేలా ఉంది. అక్కడే తూర్పు వైపున సంపూర్ణమ్మ కూతురు ఆశాజ్యోతిని పెట్టారు. పందొమ్మిదేళ్ల పిల్ల. మెదడువాపు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

ఆ పిల్ల కాలేజీలో ఉండగా భీమవరం నెట్ సెంటర్లో ఒక మెయిల్ తెరుచుకుంది. సెంటర్ నడిపే రమేష్ బాబు సంపూర్ణమ్మకి మేనల్లుడి వరస. "కొన్నాళ్లు తెరవకపోతే కంపెనీవాళ్లే మూసేస్తారత్తా" అని అతను అన్న దగ్గర్నుంచి, ఆవిడ నెలకోసారి ఆటో ఎక్కి వెళ్లి తెరిపించుకునేది. చదవడానికేం ఉండేది కాదు. తెరిచి ఉంటే చాలు.

రెండువేల ఆరు ఎండాకాలంలో ఒకనాడు అలాగే వెళ్లింది.

"ఏముందిరా ఇవాళ?"

"చెత్త అత్తా. ఎవరో ఆఫ్రికా ఆవిడంట. మొగుడు పోయాడంట, ఈవిడకి క్యాన్సరంట. పోయేలోగా కోట్లన్నీ దేవుడి పనికి ఇచ్చేస్తదంట. ఇలాంటివి నాకు రోజుకి పదొస్తాయి."

"ఎవరికి రాసింది?"

రమేష్ బాబు ఉత్తరం మొదటికి జరిపి చదివాడు. "ప్రియమైన ఆశాజ్యోతీ, అని ఉంది."

సంపూర్ణమ్మ కుర్చీలోంచి లేవలేదు. "కాగితం మీద తీసియ్యరా."

"అత్తా, నా మాట ఇను. పేరు ఆ మెయిల్ అడ్రసులోనే ఉంటది, ఆళ్లకి ఎక్కడో దొరికుంటది. మొహం ఎరగని మనిషి ఊరికే కోట్లిస్తదా? రెండు ఉత్తరాలు తియ్యగా రాస్తారు. మూడోదాంట్లో ముందు మీరు కొంచెం కట్టండి అంటారు. తొందరపెడతారు. ఎవరికీ చెప్పొద్దంటారు. అదే గుర్తు. ఆ మాట వచ్చిందా, అక్కడితో ఆగిపోవాలి."

"నాకు కోట్లెందుకురా? ఆవిడ ప్రార్థన చెయ్యమందా, లేదా?"

"చెయ్యమంది."

"మరింకేం."

ప్రార్థన అడుగుతూ వచ్చిన ఉత్తరాన్ని ఆ సమాజం ఏనాడూ పక్కన పెట్టలేదు. ఆ శుక్రవారం ముప్పైమంది ఆడాళ్లు ఉపవాసముండి మోకాళ్లూనారు. పాస్టరమ్మ ప్రసన్నకుమారిగారు ఉత్తరం చదివి తెలుగులో అర్థం చెప్పారు. సమాజంలో అందరికన్నా పెద్దది ఏసమ్మ అడిగింది:

"ఏమే సంపూర్ణం, ఆఫ్రికా అంటే నరసాపురం దాటాలా?"

"సముద్రం దాటాలి పిన్నీ."

"అమ్మో! అంత దూరాన ఉన్న మనిషికి మన పిల్ల పేరు దేవుడు చెప్పకపోతే ఎట్టా తెలిసిందే?"

ఆ మాటకి అందరూ ఆమెన్ అన్నారు.

రమేష్ బాబు తిడతాడని ఇంకో నెట్ సెంటర్‌కెళ్లి జవాబు రాయించారు. పాస్టరమ్మగారు ఇంగ్లీషులో చెబుతుంటే, పక్కన కూర్చుని సంపూర్ణమ్మ తోట సంగతి, ఊట సంగతి, పిల్ల సంగతి అన్నీ చేర్పించింది. నాలుగు రోజులకి బదులొచ్చింది. "మీ అమ్మాయి దగ్గర నీరు నిలవనివ్వకండి. నా డబ్బుతో ముందు ఆ గట్టు కట్టించండి. నేనూ బిడ్డని మట్టిలో పెట్టిన తల్లినే."

సంపూర్ణమ్మ దాన్ని మూడుసార్లు చదివించుకుంది. పిల్ల పోయిన రెండేళ్లలో పేటలో ఒక్కరు ఆ పేరెత్తలేదు. ఎత్తితే ఏడుస్తుందని వాళ్ల జాలి. ఈ ఉత్తరం ఆవిడొక్కతే పిల్ల ఊసెత్తింది.

మూడో ఉత్తరంలో డబ్బు ఢిల్లీ దాకా వచ్చేసిందని, విడిపించడానికి వారంలోగా నలభై వేలు పన్ను ఈ అకౌంటులో కట్టాలని, పనయ్యేదాకా బయటికి పొక్కనివ్వొద్దని రాసి ఉంది. పాస్టరమ్మగారు సంతోషం పట్టలేక చదువుతుంటే, రమేష్ బాబు చెప్పిన గుర్తులు ఒక్కొక్కటే సంపూర్ణమ్మ చెవిలో పడ్డాయి. నోరు తెరిచి చెప్పలేదు. చెబితే ఆ ఉత్తరాలు ఆగిపోతాయి. సమాజం డబ్బు తియ్యాలంటే బ్యాంకులో ఆవిడదీ పాస్టరమ్మగారిదీ, ఇద్దరి సంతకాలూ కావాలి. సంపూర్ణమ్మే ముందు పెట్టింది.

వారం తిరక్కుండా ఇంకో ముప్పై వేలు కావాలని ఉత్తరం. అప్పుడు వెళ్లింది రమేష్ బాబు దగ్గరికి, కాగితాలన్నీ పట్టుకుని. అతను తిట్టలేదు. మొదటి ఉత్తరంలోంచి నాలుగు ముక్కలు కంప్యూటర్లో కొట్టి వెతికి, తెర ఆవిడ వైపు తిప్పాడు.

"చూడత్తా. ఇక్కడ ప్రియమైన మేరీ అని, ఇక్కడ ప్రియమైన గ్రేస్ అని. ఆ రోగమే, ఆ వాక్యమే. పేరొక్కటే మారింది."

"బిడ్డని మట్టిలో పెట్టానన్నదిరా."

"మీరు రాసిందే మీకు తిప్పి రాశాడత్తా, ఎవడో."

పోలీసులు ఫిర్యాదు కాగితం తీసుకున్నారు. డబ్బు పడిన రోజే తీసేశారని, ఆ అకౌంటు పేరు కూడా దొంగదేనని నెల తర్వాత చెప్పారు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ సంపూర్ణమ్మ లేచి నిలబడింది. పాస్టరమ్మగారి తప్పేం లేదంది. "మా రమేషు ముందే చెప్పాడు. తెలిసే సంతకం పెట్టాను" అని కూర్చుంది. ఎవరూ ఆమెన్ అనలేదు.

ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి భర్త ఏసురాజు అన్నం ముందు కూర్చున్నాడు. "పిల్లకి జ్వరమొచ్చిన రోజు ఆసుపత్రికెళ్లే కారుకి వెయ్యి రూపాయలా అని తెల్లారేదాకా ఆగాం. మొహం చూడని దానికి నలభై వేలా?" అన్నాడు. తినకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు.

కుళాయి దగ్గర "కోట్లమ్మ వస్తంది, బిందెలు జరపండే" అనేవారు. శనివారాలు బస్తా ఖాళీగానే ఉండేది. నెల తిరిగేసరికి బస్తా పరచడమే మానేశారు. ఏసమ్మ ఒక్కతే డబ్బా పట్టుకొచ్చేది, "ఎవత్తీ రాలేదేమే?" అంటూ.

శ్రావణంలో ముసురు పట్టింది. ఆ ముసుర్లోనే ఏసమ్మ పోయింది. తోటలో మోకాలి లోతు తవ్వేసరికి నీళ్లు. తోడేకొద్దీ చెరువు వైపునుంచి ఊరాయి. చీకటి పడిపోతుందని పెట్టె దింపేశారు. దింపిన పెట్టె తేలింది. నలుగురు నొక్కినా మళ్లీ పైకొచ్చింది. ఏసురాజూ, ఇంకొకతనూ దిగి దాని మీద నిలబడ్డారు. పెట్టె కిందకి పోయింది.

"రాళ్లొచ్చేదాకా దిగకండి" అన్నారెవరో.

వాళ్లు నడుం లోతు నీళ్లలో అలాగే నిలబడ్డారు. ఏసురాజు తలెత్తలేదు. ఏసమ్మ కోడలు కొంగు నోట్లో కుక్కుకుని సంపూర్ణమ్మనే చూస్తోంది. గొడుగులన్నీ ఒక పక్కకి, సంపూర్ణమ్మ ఒక పక్కకి అయిపోయింది. తూర్పు వైపు నీళ్ల మీద సిలువల కొసలు నాలుగైదు కనిపిస్తున్నాయి. వాటిలో తన పిల్లది ఏదో పోల్చుకుందామని చూసింది. పోల్చుకోలేకపోయింది.