ముప్ఫై రెండా, ముప్ఫై ఎనిమిదా

విదేశంలో, క్రెయిగీబర్న్ అనే నగర శివారులో ఉండి మేం చదువుకునే రోజుల్లో, చలికాలం సాయంత్రం అయిదున్నరకే చీకటి పడేది. స్టేషన్ నుంచి మా ఇంటికి నడిచి రావాలి. ఆ దారిలోనే నా రూమ్మేట్‌ను ఎవరో ముగ్గురు చుట్టుముట్టి, ఫోన్ లాక్కుని, దవడ పగలగొట్టారు. ఆసుపత్రిలో పై పళ్ళూ కింది పళ్ళూ కలిపి తీగతో కట్టి పంపించారు. దెబ్బలు తిన్నది వాడు, వణుకు పట్టుకున్నది నాకు.

వెనక అడుగుల చప్పుడైతే చాలు, పక్కకి తప్పుకుని నిలబడిపోయేవాణ్ణి. జాగింగ్ చేసే ముసలాయన్ని చూసి కూడా గోడకు అతుక్కుపోయాను. వెలుగుండగానే ఇల్లు చేరాలని యూనివర్సిటీలో క్లాసు సగంలో లేచి వచ్చేసేవాణ్ణి. ఇలా బతకడం కన్నా ఒక చిన్న రివాల్వర్ కొనుక్కోవడం నయమనిపించింది. నవ్వకండి. మా ఊళ్ళో బాబాయికి ఒకటి ఉండేది. ప్రాణభయం ఉందని అర్జీ పెట్టుకుంటే లైసెన్సు ఇచ్చారు. దసరాకి పిన్ని కత్తిపీటకూ, స్కూటర్‌కూ, దానికీ వరసగా కుంకుమబొట్లు పెట్టేది.

బాబాయికి ఫోన్ చేశాను. ఎందుకని ఆయన అడగలేదు, ఏ నంబరు, అంటే ఎంత లావు గుండుదన్నదే అడిగాడు. ఇరవై రెండు కాకుల్ని తోలడానికి తప్ప పనికిరాదట. ముప్ఫై ఎనిమిది గట్టిదే గానీ, చిన్న రివాల్వర్‌లో పెట్టి పేలిస్తే చెయ్యి ఎగిరిపడుతుందట, రెండో గుండు ఎటు పోతుందో తెలియదట. నా మణికట్టుకు ముప్ఫై రెండు చాలన్నాడు. నేను మాత్రం భయం కొద్దీ పెద్దదాని వైపే మొగ్గాను. రూమ్మేట్ స్ట్రాతో పప్పుకట్టు తాగుతుంటే, ఎదురుగా కూర్చుని ఏ గుండు ఎంత లావో వేళ్ళతో చూపించేవాణ్ణి. వాడు తల దించుకునేవాడు. నొప్పి కాబోలు అనుకునేవాణ్ణి.

ఒక శనివారం మధ్యాహ్నం తుపాకుల షాపుకు వెళ్ళాను. కౌంటర్ దగ్గరి పెద్దమనిషి ఎందుకు కావాలని అడిగాడు. మన దగ్గర లైసెన్సు తెచ్చిపెట్టే మాట అదే కదా అని, ఆత్మరక్షణకని చెప్పాను. అది చాలనట్టు రూమ్మేట్ దవడ సంగతి కూడా చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. ఈ దేశంలో ఆ కారణానికి మాత్రం ఎవరికీ ఇవ్వరని, ఆ మాట ఇంకెక్కడా అనొద్దని నెమ్మదిగా చెప్పి, స్టూడెంట్ వీసానా అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా బయటపడ్డాను. రైల్లో ఫోన్ మోగితే పోలీసులేమో అనుకున్నాను. చూస్తే బాబాయి. ఎత్తలేదు.

ఇంటికొచ్చి రూమ్మేట్‌కు జరిగినదంతా చెప్పాను. వీసా పోతుందేమోనని ఒకపక్క దడ, ఇంకోపక్క ఉక్రోషం. ఇచ్చి ఉంటే మాత్రం ముప్ఫై ఎనిమిదే తీసుకునేవాణ్ణని అన్నాను. వాడు స్ట్రా పక్కన పెట్టాడు. కట్టేసిన పళ్ళ మధ్య నుంచి ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాడు.

"ఆ రోజు అది నా దగ్గరుంటే, ఫోన్ గుంజుకున్నట్టే దాన్ని గూడ గుంజుకునేటోళ్ళు. నా పానానికి ఏ నంబర్ సరిపోతుండెరా?"

కాసేపటికి బాబాయి మళ్ళీ ఫోన్ చేసి, ఏది ఖాయం చేశావని అడిగాడు. ఏదీ వద్దన్నాను. పోనీలే, భయం తగ్గిందన్నమాట అన్నాడు. రెండింతలైందని చెప్పలేకపోయాను.